వాసన చూసిన గులాబీ

కోట తోటలో గులాబీలు విరగబూశాయని వినగానే అమ్మకు ఇంట్లో కాలు నిలవలేదు. పోయిన వేసవిలో అక్కడే ఒక పువ్వు మీద చెయ్యి వేయబోతే కాపలావాడు ఈల ఊదాడు. తోటలో ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. అమ్మకు తల కొట్టేసినట్టయింది. పైగా ఆ తోట పువ్వు తెస్తానని దేవుడికి ముందే మాటిచ్చేసిందట. అప్పటినుంచీ దీపం పెట్టినప్పుడల్లా ఆయన ముఖం చూడలేకపోతున్నానంటుంది.

"ఈసారి అడిగి మరీ తెస్తాను," అంది బస్సులో.

"ఈల వినబడిందో, మీరెవరో మాకు తెలియదత్తయ్యా," అంది నా భార్య.

"ఎప్పుడు తెలుసన్నావు గనక!"

మెట్ల పక్కన, పందిళ్ల మీద, పాత ఫిరంగి చక్రాల చుట్టూ కూడా పూలే. గోడ నీడలో ముసలి తోటమాలి కలుపు తీస్తున్నాడు. అమ్మ నేరుగా వెళ్లి సంగతంతా చెప్పింది, ఈలతో సహా.

అతను తల గోక్కున్నాడు. "కోయనివ్వరమ్మగారూ. కానీ దారికి అడ్డొచ్చే కొమ్మల్ని నేను ఎలాగూ కత్తిరించాలి. ఉండండి."

నాలుగైదు పూలకు వంకలు పెట్టి, చివరికి ముదురు ఎరుపుది ఒకటి కత్తిరించాడు. అమ్మ దోసిలి పట్టింది. అతను ఆ పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు.

"బాగుందమ్మా. తీసుకోండి."

దోసిలి గాలిలోనే ఆగిపోయింది. మా ఇంట్లో వాసన చూసిన పువ్వు దేవుడి దాకా వెళ్లదు.

"ఇంకోటి అడగనా?" అమ్మ గుసగుసలాడింది.

"ఏమని? అతని ముక్కు తగిలిందనా?" అంది నా భార్య.

తోటమాలి ముఖం చిన్నబోయింది. "పురుగుందా అమ్మా?"

"లేదు నాయనా, నిక్షేపంలా ఉంది," అంటూ అమ్మ గబుక్కున అందుకుంది.

తిరుగు బస్సులో ముఖం ముడుచుకుని కూర్చుంది.

"అతనికంటే ముందు తుమ్మెదలు వాసన చూసే ఉంటాయి కదమ్మా?" అన్నాను. నాకు నిజంగానే ఆ సందేహం.

"తుమ్మెదకేం తెలుసు పాపం!"

"అతనికి మాత్రం తెలుసా?"

అమ్మ పువ్వుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, పువ్వుతో పటం ముందు చాలాసేపు నిలబడింది. మేమిద్దరం తలుపు పక్కనుంచి తొంగి చూస్తున్నాం. చివరికి వంగి, పువ్వును ఆయన పాదాల దగ్గర పెట్టింది.

"స్వామీ, పెంచినవాడు నీకంటే ముందే వాసన చూశాడు," అంది. "బాగుందట."