నూనె వేసినా నడవని మిషను

పొద్దున్నే దర్జీ దుకాణం షట్టరెత్తి, నేల ఊడ్చి, నిన్నటి గుడ్డముక్కలు సంచిలో కుక్కడం కోడలి పని. ఆ తర్వాత అత్తాకోడళ్లు చెరో మిషను ముందు కూర్చునేవాళ్లు. మూడో మిషనుకి కుర్చీ లేదు. కోడలి కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా దాని చక్రం తిరిగి, సూది నాలుగు కుట్లు వేసేది. అత్త దాని కింద దిండు గలీబులు పెట్టేది. భూమ్మీద పడకముందే చేతికి అందొచ్చిందని బట్టలివ్వడానికొచ్చినవాళ్లు మెచ్చుకుంటే మురిసిపోయేది. కుట్టు కాస్త వంకరపోయేది గానీ, ఆ వయసుకి అదే ఎక్కువ.

కోడలికి పదిహేడేళ్లు. ఆసుపత్రికెళ్తే వయసడుగుతారని, లేనిపోని తలనొప్పని అత్త ఒక్కసారీ తీసుకెళ్లలేదు. పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే పెద్ద చెప్పులు కొనిచ్చింది. కళ్ల ముందు మెరుపులొస్తున్నాయంటే బల్బు మార్పించింది. మొహం పాలిపోయిందంటే నీడపట్టున కూర్చుంటే అంతేనంది. చెడ్డది కాదు, మొండిది.

ఒకరోజు పొద్దున్నుంచి మూడో మిషను కదల్లేదు. అత్త నూనె వేసింది, బెల్టు మార్చింది. చివరికి మెకానిక్కుని పిలిపించింది. అతను చక్రం తిప్పి చూసి, మిషను లక్షణంగా ఉందని తేల్చేశాడు.

కోడలు కత్తెర కింద పెట్టి లేచింది. "మిషను బాగుంటే ఇంక చూపించాల్సింది నన్నే. ఆసుపత్రికి వెళ్తున్నాను అత్తయ్యా."

బిడ్డ నిద్రపోతోందని అత్త నచ్చజెప్పబోయింది. వయసు బయటపడితే పరువేం కావాలని గుమ్మానికి చెయ్యి అడ్డంపెట్టి నిలబడింది. కోడలికి ఒళ్లు మండిపోయింది. ఆ చేతిని తోసేసి, చెప్పులు ఈడ్చుకుంటూ రోడ్డెక్కింది. మెకానిక్కే ఆటో ఆపాడు. అత్త గొణుక్కుంటూ వెనకాలే ఎక్కింది.

ఆసుపత్రిలో నర్సు వయసెంతని అడిగితే అత్త ఇరవై అంది.

"పదిహేడు," అంది కోడలు, వరండా అంతా వినేలా. "పొద్దున్నుంచి బిడ్డ కదలడం లేదు. నాకు తల పగిలిపోతోంది."

బీపీ చూసిన నర్సు డాక్టరమ్మ కోసం పరుగెత్తింది. బీపీ హద్దు దాటిందని, ఒంట్లో రక్తం లేదని, ఈ లేత వయసులో ఈ రెండూ తోడైతే బిడ్డ లోపలే పోవచ్చని, మొదటి నుంచీ చూపిస్తే ఇంతదాకా వచ్చేది కాదని డాక్టరమ్మ అత్తని చెడామడా వాయించి, కోడల్ని ఆపరేషనుకి తీసుకెళ్లింది.

ఆడపిల్ల. గుప్పెడంతే ఉంది గానీ, ఏడుపుతో వార్డంతా లేపేసింది.

కోడలు కళ్లు తెరిచేసరికి అత్త మంచం పక్కనే ఉంది, బిడ్డ వైపు చూడకుండా.

"పదహారేళ్లప్పుడు నా మొదటిది కూడా ఇలాగే కదలడం మానేసింది. నిద్రపోతోందన్నారు. నమ్మాను."

కోడలికి జాలేసింది. దానికి రెండింతలు కోపమొచ్చింది. "అన్నీ తెలిసి నన్నెందుకు ఆపారు?"

"నీది బతికితే, ఆసుపత్రికెళ్లుంటే నాదీ బతికుండేదని ఒప్పుకోవాలిగా."

కోడలు పక్కలోని బిడ్డని చూపించింది.

"పట్టుకోండి. కానీ ఇది చదువు పూర్తి చేసి, తనంతట తాను అడిగేదాకా పెళ్లి మాటెత్తారో, మీకూ నాకూ చెల్లు."

అత్త తలూపి, రెండు చేతులూ చాపింది.