స్వచ్ఛమైన నీళ్లలో విషం

డిస్టిల్డ్ వాటర్‌లో ముంచినా, ల్యాబ్‌లో ఆమె తయారుచేసిన సెన్సర్ పురుగుమందు ఉందనే చెప్పింది. ఆమె సెన్సర్ చిప్‌ను కడిగి మళ్లీ ముంచింది. అదే అంకె. ఇంకో చిప్ తీసింది. అదీ అంతే.

ఈ సెన్సర్ మాట మీదే పది రోజుల కిందట వాటర్ ప్లాంట్‌లో ఆమె బావగారిని సస్పెండ్ చేశారు. అక్క భర్త, పద్దెనిమిదేళ్లుగా ఫిల్టర్లు చూసుకునే ఆపరేటర్. ట్యాంకు నీళ్లలో మందు దొరికిందని, ఫిల్టర్ మార్చకుండానే మార్చినట్టు రాశాడని నిందవేశారు. ఆయన ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. సొంత మరదలి మెషినే పట్టించిందని వెనక నవ్వుకున్నారు కూడా. ఆ రోజు నుంచి అక్క ఆమె ఫోన్ ఎత్తడం లేదు.

తప్పెక్కడుందో ఇప్పుడు తెలిసిపోయింది. చిప్ మీద పురుగుమందు అణువుల చుట్టూ ప్లాస్టిక్ లాంటి పాలిమర్ పొరను గట్టిపడనిచ్చి, తర్వాత ఆ అణువులను కడిగేస్తే సరిగ్గా వాటి ఆకారంలో ఖాళీలు మిగులుతాయి. నీళ్లలో ఆ మందు ఉంటే వచ్చి ఆ ఖాళీల్లో ఇరుక్కుంటుంది. సెన్సర్ పసిగడుతుంది. రెండు రోజులు కడగాల్సిన పొరను, ప్రాజెక్టు రివ్యూ ముంచుకొస్తోందని ఆమె ఒక్క పూటలో ముగించింది. లోపల చిక్కుకున్న మందే ఇప్పుడు బయటికి ఊరి ఆ ఖాళీల్లో చేరుతోంది.

పరుగున వెళ్లి ల్యాబ్ డైరెక్టర్‌కు చెప్పింది. ఆయన లేచి తలుపు వేశాడు. కొత్త చిప్‌లు చేసి గుట్టుగా మార్చేద్దామన్నాడు. బావగారి సంగతి విచారణలో ఎలాగూ తేలుతుందన్నాడు. ప్లాంట్‌కు ఒక్క ఫోన్ చేయమని ఆమె చేతులు జోడించి బతిమాలింది.

"నువ్విప్పుడు నోరు విప్పితే ప్రాజెక్టు ఆగిపోయి నీతోపాటు పదకొండు మంది రోడ్డున పడతారు," అన్నాడాయన.

ఆ పదకొండు మందీ గాజు తలుపు అవతల పని చేసుకుంటున్నారు. వాళ్ల ముఖాలు చూడలేక తల దించుకుని, చిప్‌లూ నోట్‌బుక్కూ డిస్టిల్డ్ వాటర్ సీసా సంచీలో వేసుకుని బయటపడింది.

ప్లాంట్ మేనేజర్ ఎదుటే చిప్ ముంచి చూపించింది. ఆయన ఆ అంకె చూసి ఒక తెల్లకాగితం ముందుకు జరిపాడు. తప్పంతా తనదేనని ఆమె రాసి సంతకం పెట్టింది.

అక్క ఇంటి తలుపు బావగారే తీశారు. గడ్డం మాసిపోయి ఉంది. ఆమె గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పింది. వెనకనుంచి అక్క వచ్చింది.

"ఆ రోజే ఒక్కసారి మంచి నీళ్లలో ముంచి చూడలేకపోయావా?"



వారంలో బావగారిని తిరిగి పనిలోకి తీసుకున్నారు. ప్రాజెక్టు మూతపడింది. ఆమెతోపాటు ఆ పదకొండు మందీ ఇంటిదారి పట్టారు. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ బావగారు ఇంకో మనిషిని పిలిచి, దగ్గరుండి చూపించి, అతని చేత సంతకం చేయించాకే తాను చేస్తున్నారట. ఆ మాట కూడా ఆమెకు ఎవరో బయటివాళ్లు చెబితే తెలిసింది.