ఎడమ చేతి హ్యాండిలు

స్వామిదాసు మణికట్టు బెణికింది కామారెడ్డి స్టేషను దగ్గర. హైదరాబాదులో బెల్లం దించి తిరిగి వస్తూ, చాయ్ తాగడానికి అక్కడ లారీ ఆపాడు. మళ్లీ ఇంజను లేపడానికి బండి ముందు వంగి హ్యాండిలు తిప్పితే, ఇంజను వెనక్కి ఒక్క తన్ను తన్నింది. కుడి మణికట్టు కలుక్కుమంది. చూడబోతే చిన్న దెబ్బే. కొన్నాళ్లు ఊరికే కూర్చుంటే తగ్గిపోయేది. ఊరికే కూర్చునే భాగ్యం ఎవరికి రాసిపెట్టి ఉంది?

లారీ ఎల్లారెడ్డి ఊరి దొర పురుషోత్తంరావుది. యుద్ధం వచ్చి పెట్రోలు గగనమైపోయినా ఆయన బండి మాత్రం ఆగలేదు. దాన్ని నడిపే స్వామిదాసు ఊరి బయటి వాడలో పుట్టిన క్రైస్తవుడు. చిన్నప్పుడు పాదిరిగారి మోటారు తుడుస్తూ తుడుస్తూ నడపడం పట్టేశాడు. అతని అన్న ఏసయ్య దొరగారి కోటంత ఇంట్లో, గడిలో వెట్టి చేస్తాడు. ఎడ్లకు నీళ్లు మోస్తాడు, కేకేస్తే పరుగెత్తుతాడు, కూలి మాట ఎత్తకుండా ఇంటికి పోతాడు. తమ్ముడు మాత్రం అదే దొర లారీలో సీటు మీద దర్జాగా కూర్చుని జీతం తీసుకుంటాడు. ఆ సీటు దిగిన రోజు ఏసయ్య పక్కన ఇంకో కావడి సిద్ధంగా ఉంటుంది. ఈ సంగతి స్వామిదాసుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే చెయ్యి నొప్పి దాచాడు. దారిలో హ్యాండిలు తిప్పే పని క్లీనరు మైసన్న చూసుకున్నాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేశాడు. ఇంట్లో భార్య సాలవ్వ చింతాకు ఉడికించి కాపడం పెట్టింది, పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది. దొరను నాలుగు రోజులు సెలవు అడగమని పోరింది. తను దిగితే దొర మేనల్లుడు నారాయణ ఆ సీటెక్కుతాడనీ, ఎక్కినవాణ్ని దింపే మొగాడు ఎల్లారెడ్డిలో లేడనీ స్వామిదాసు ఆమెను కసురుకున్నాడు. నారాయణ అప్పటికే సదాశివనగర్ దాకా ఒకసారి నడిపి, లారీని వరిమడిలో దింపి వచ్చాడు. మేనల్లుడు గనక అది తప్పు కాలేదు, ముచ్చట అయింది.

అంతా బాగానే దాగేది. మధ్యలో దసరా వచ్చిపడింది.

దసరా నాడు గడి ముందు లారీకి పూజ చేస్తారు. దొరసాని పసుపు కుంకుమ పెట్టి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిస్తుంది. తర్వాత ఇంజను లేపి, ఆ నిమ్మకాయల మీదుగా జమ్మిచెట్టు దాకా బండి నడపాల్సింది డ్రైవరే. క్లీనరు హ్యాండిలు ముట్టకూడదని దొర పెట్టిన ఆచారం. పూజ జరిగేటప్పుడు స్వామిదాసును దగ్గరికి రానివ్వరు. దేవుడి ముందు పనికిరాని చెయ్యి, హారతి చల్లారగానే ఇంజనుకు పనికొస్తుందన్నమాట.

ఆ పొద్దున అతను పట్టు కడిగేసుకుని పొడుగు చేతుల చొక్కా తొడిగాడు. ఊరంతా చూస్తుండగా వంగి, ఎడమ చేత్తో హ్యాండిలు పట్టి గుంజాడు. ఇంజను ఎన్నడూ లేనిది మొదటి తిప్పుకే అందుకుంది. స్వామిదాసుకు ప్రాణం లేచొచ్చింది.

దొర చెయ్యెత్తి ఇంజను బందు చేయించాడు.

"పండుగ పూట ఎడమ చెయ్యి పెట్టినవేందిరా? మా దేవుడంటే గంత అలుసా?"

నిజం చెబితే సీటు పోతుంది. చెప్పకపోతే దేవుణ్ని వెక్కిరించినవాడవుతాడు, అప్పుడు పోయేది సీటొక్కటే కాదు. స్వామిదాసు తన బుర్రకు తోచిన మూడో దారి పట్టాడు.

"తప్పయింది దొరా. మళ్ల తిప్పుత," అని కుడి చేత్తో హ్యాండిలు అందుకున్నాడు.

సత్తువ లేని చెయ్యి సగంలో సడలింది. ఇంజను మళ్లీ వెనక్కి తన్నింది. ఎముక విరిగిన చప్పుడు డప్పుల మోతలో అతనొక్కడికే వినిపించింది. కళ్లు బైర్లు కమ్మాయి. ఒళ్లు అడ్డం పెట్టి, ఎవరికీ కనపడకుండా ఎడమ చేత్తోనే ఇంజను లేపాడు. ఒంటిచేత్తో జమ్మిచెట్టు దాకా నడిపాడు. దొర శభాష్ అన్నాడు. ఆ శభాష్ విని సంతోషపడ్డందుకు స్వామిదాసు తర్వాత చాలాకాలం తనను తాను అసహ్యించుకున్నాడు.

మాచారెడ్డిలో ఎముకలు కట్టే కిష్టయ్య వెదురుబద్దలు పెట్టి కట్టాడు. బరువు మోయొచ్చు గానీ, ఈ చెయ్యి ఇక స్టీరింగుకు పనికిరాదని తేల్చేశాడు.

స్వామిదాసు గడికి వచ్చేసరికి లారీలోకి బెల్లం ఎత్తుతున్నారు. సీట్లో నారాయణ ఉన్నాడు. కట్టు చూసి, జరిగింది విని దొర నొచ్చుకున్నాడు.

"చెయ్యి నొస్తుందని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదరా. నొచ్చే చేత్తోని తిప్పుమంటనా నేను? నాలుగు దినాలు పండుకొని వస్తుంటివి."

స్వామిదాసు ఆ మొహంలో అబద్ధం కోసం వెతికాడు. అబద్ధమైతే ఎంత బాగుండేది, తిట్టుకోవడానికి ఒకడైనా మిగిలేవాడు. దొర మొహంలో కపటం కనపడలేదు. అంటే చెయ్యి విరగ్గొట్టుకుంది తనే, సీటు దిగింది తనే. కానీ ఆ గడిలో నొప్పి అని నోరు తెరిచి, మళ్లీ తన పనిలో నిలిచినవాణ్ని అతను ఒక్కణ్నీ చూడలేదు. కోపం గొంతు దాకా వచ్చింది. అది ఎవరి మీదో తేలక అక్కడే ఆగిపోయింది.

"నాదే తప్పు, నీ బాంచెను," అన్నాడు.

డ్రైవరయ్యాక బాంచెను అనే ఆ వెట్టివాళ్ల మాట అతని నోట రావడం అదే మొదలు. దొర అది గమనించనైనా లేదు.