వీపు మీదికి ఒక్క బస్తా

చెంచయ్య తలమీంచి వీపుదాకా గోనెముసుగు కప్పుకుని, నడుం వంచి, లారీకి వీపు ఆనించి నిలబడ్డాడు. పొద్దుటి నుంచి ఇది ఇరవయ్యోసారి. పైనున్న బాపయ్య, నజీర్ మిర్చి బస్తాను అంచుదాకా లాక్కొచ్చి, పక్కవాడి వీపు మీదికి దించారు.

బస్తా దించడానికి పైన ఇద్దరుండాలి. గుంటూరు శివారులోని ఈ కోల్డ్ స్టోరేజీలో ముప్పయ్యేళ్లుగా, మొన్నటిదాకా, చెంచయ్యకి ఆ ఇద్దరూ ఉన్నారు. మోసి మోసి అతని కుడిభుజం ఎడమదానికన్నా కిందికి దిగింది. మెడ వెనక చర్మం కాయకాచి నల్లబడింది.

ఫిబ్రవరిలో లోపల చల్లదనానికి వాడే అమోనియా గ్యాస్ లీకయింది. దొంగతనాల భయంతో మేనేజరు శివరామకృష్ణ వెనక తలుపుకి బయట తాళం వేయించి ఉంచాడు. ముఠాలోని నలుగురు హమాలీలు పాకుతూ ముందు తలుపుకి చేరి బతికారు. చెంచయ్య ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకి కాగితం పెట్టాడు. తాళం తీశారు.

అతన్ని ఎవరూ పొమ్మనలేదు. "చెంచయ్యకి బస్తా దించినవాణ్ణి కూడా ముఠాలోంచి తీసేస్తా" అన్నాడు మేనేజరు, అంతే. వరసగా మూడ్రోజులు మోయనివాడికి ముఠాలో చోటు లేదు. ఇవాళ మూడోరోజు. ఐదింటిలోగా ఒక్క బస్తా మోస్తే చాలు.

"ఏరా నజీరూ, నా వీపు కనబడట్లేదా? మరీ చిక్కిపోయానా ఏంటి?"

నజీర్ తల తిప్పుకున్నాడు. ఆ నలుగురిలో అతనొకడు.

"జోకులు ఆపి, పోయి ఆయన కాళ్లు పట్టుకోరాదా?" కసిరాడు బాపయ్య.

"తప్పు చేసుంటే పట్టుకునేవాణ్ణే బాపయ్యా."

నాలుగున్నర. చివరి లారీ. బాపయ్య మంచినీళ్లకి దిగాడు. చెంచయ్య మళ్లీ వంగాడు. వీపుకి వెచ్చగా బరువు తగిలింది. నజీర్ ఒక్కడే, పళ్లు బిగించి బస్తాను మోకాలితో నెడుతున్నాడు.

"గట్టిగా పట్టుకో అన్నా."

అప్పుడే శివరామకృష్ణ ఆఫీసు మెట్లమీదికి వచ్చాడు. ఫోను చెవి దగ్గరే ఉంది. చూపు నజీర్ మీదుంది.

చెంచయ్య చప్పున పక్కకి తప్పుకున్నాడు. బస్తా నేలకి కొట్టుకుని పిగిలింది. ఘాటు గుప్పుమంది.

"నజీర్ దించలేదండీ. నేనే లాక్కోబోయాను," మెట్లదాకా వినబడేలా అన్నాడు.

"రేపట్నుంచి నువ్వు రావద్దు," అన్నాడు మేనేజరు.

"అలాగేనండీ."

చెంచయ్య సైకిలెక్కి ప్రత్తిపాడు రోడ్డు పట్టాడు.

నజీర్ తుమ్ముతూ కిందికి దిగాడు. ఎర్రటి కాయల మధ్య చెంచయ్య గోనెముసుగు జారిపడి ఉంది. తీసి తిరగేశాడు. మెడకి గీసుకోకుండా లోపల చెంచయ్య భార్య పాత చీరముక్క కుట్టి ఉంది. నీలంపూల చీర. చెమటకి సగం పూలు వెలిసిపోయాయి.