మేం పోగొట్టుకున్నాం

ఆయన చొక్కా కాలర్ ఇస్త్రీ చేస్తుండగా వెనకనుంచి ఆయన మాట వచ్చింది. "నువ్వు కూడా ఏదైనా లేత రంగు వేసుకో. లేత రంగయితే తెరమీద దుఃఖం బాగా పండుతుందట."

మా ఆయన మాజీ గవర్నరు. వార్డు సభ్యుడిగా మొదలై, మంత్రి అయి, గవర్నర్నీ జనమే ఎన్నుకునే మా దేశంలో ఓట్లతో గెలిచి రాష్ట్రానికి గవర్నరై, తర్వాతి ఎన్నికల్లో ఓడి మాజీ అయ్యారు. నా పదవికి ఎన్నికలు లేవు కాబట్టి నేను కొనసాగుతున్నాను. ఇప్పుడాయన మళ్ళీ నిలబడుతున్నారు. ప్రచారం కోసం ఆయన రాజకీయ జీవితం మీద చిన్న సినిమా తీస్తున్నారు. అందులో నాకూ ఓ ముక్క ఇచ్చారు. ఆ ముక్క నా బిడ్డ.

బిడ్డ అనడానికి మా అత్తగారు ఒప్పుకునేవారు కాదు. "అయిదో నెలలో పోయినదాన్ని బిడ్డంటారా? కడుపు పోవడం ఎవరికైనా ఉన్నదే. ఈ పదవి అందరికీ వస్తుందా?" అన్నారు, ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చుని, టీవీలో కొడుకుని చూసుకుంటూ.

అది ప్రమాణ స్వీకారం రోజు. పొద్దుటినుంచే నడుము లాగేస్తోంది. వేదిక మీద ఆయన పక్కన నిలబడ్డాను. ఉపన్యాసం మధ్యలో తొడల మీదుగా వెచ్చగా జారడం తెలిసింది. ఆయన చెయ్యి పట్టుకోబోయాను. జనం వైపు నవ్వుతూనే, పెదవులు కదలకుండా, "కాస్త ఓర్చుకో, కెమెరాలున్నాయి" అని చెయ్యి విడిపించుకున్నారు. ఓర్చుకున్నాను. నవ్వాను కూడా. ఆ ఫొటో ఇప్పటికీ ముందుగదిలో ఉంది, చూసినవాళ్ళంతా నా మొహంలో కళ ఉందంటారు. సాయంత్రం నేను ఆస్పత్రిలో ఉంటే ఆయన విందులో ఉన్నారు. విలేకరులు అడిగితే, "ఆవిడకి కాస్త నలతగా ఉంది" అన్నారట. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆయన నోట మళ్ళీ రాలేదు. నేనెత్తితే, "ఇప్పుడెందుకవన్నీ?" అనేవారు.

నేను కాలేజీలో భాష చదువుకున్నదాన్ని. చదువు వంటింట్లోకి వచ్చాక చాలామటుకు ఆవిరైపోయింది గానీ, సర్వనామాల మీద పట్టింపు పోలేదు. మా ఇంట్లో "మనం" అంటే నేను. "రేపు మనం పార్టీవాళ్ళకి భోజనం పెడదాం" అంటే వండేది నేను, వడ్డించేది నేను, గిన్నెలు తోమేది నేను. "మేం" అంటే మాత్రం ఆయన. మేం గెలిచాం, మేం రోడ్లు వేయించాం. ఆ మేంలో నేనెక్కడైనా ఇరుక్కుని ఉన్నానేమోనని వెతికి వెతికి మానేశాను.

ముందుగదిలో దీపాలు పెట్టారు. ప్రచార సలహాదారు ఎదురుగా నిలబడ్డాడు. వెంట్రుక చెదరనివ్వడు కాబట్టి నేను లోలోపల దువ్వెన అనుకుంటాను.

"అమ్మగారూ, ఒక్కటే మాట. 'ప్రజాసేవలో పడి మేం మా బిడ్డను కూడా పోగొట్టుకున్నాం.' అక్కడ ఆగి, సార్ చెయ్యి పట్టుకోండి."

"ఏ చెయ్యి?"

"ఏదైనా పర్లేదండీ."

"ఆ రోజు విడిపించుకున్నది ఎడమది. అందుకని అడిగాను."

దువ్వెన ఆయన వైపు చూశాడు. "వేళాకోళానికి ఇదా సమయం?" అన్నారు ఆయన. "అవతలివాళ్ళు ఆడవాళ్ళ ఓట్లన్నీ ఎగరేసుకుపోతున్నారు. ఇదొక్కటి పడిందంటే మనం మళ్ళీ లేస్తాం. నాకోసం ఈ ఒక్క మాట చెప్పలేవా?"

పుట్టనిదానికి పేరు లేదు, ఫొటో లేదు. ఈ లోకంలో అది ఉన్నదంటూ ఉంటే నాలోనే ఉంది. ఈ ఒక్క మాట నా నోటినుంచి వస్తే అక్కడ కూడా ఉండదు. రేపటినుంచి గోడల మీద ఉంటుంది, ఆయన బొమ్మ కింద.

కెమెరా వెలిగింది. దాని వెనక ఉన్న అమ్మాయి తలూపింది.

"మేం కాదు," అన్నాను. "పోగొట్టుకున్నది నేను. ఆయన ఆ రోజు గెలిచారు."

ముందు దువ్వెనే తేరుకుని నవ్వాడు. "అమ్మగారు తడబడ్డారు. ఫరవాలేదు, మళ్ళీ తీద్దాం." ఆయన నా వైపు వంగి, "నా పరువు తియ్యకు" అన్నారు, పెదవులు కదలకుండా.

కెమెరా అమ్మాయి వాళ్ళిద్దర్నీ దాటుకుని నన్నే అడిగింది.

"మళ్ళీ తీయమంటారా మేడమ్?"

"తియ్యమ్మా," అన్నాను. "ఇందాక సగమే చెప్పాను."