మొలలేలే బావా

అక్క మొగుడు సిటీ బస్సు డ్రైవరు. యాభై నాలుగేళ్ళ మనిషి, ఎదుటివాణ్ణి నవ్వించకుండా పది నిమిషాలు ఉండలేడు. తమ్ముడికి మందుల షాపు ఉంది. ఒకరోజు పొద్దున్నే డ్యూటీకి వెళుతూ బావ కౌంటరు మీద మోచేతులు ఆనించి, "ఒరేయ్ బావమరిదీ, బండి కదలట్లేదురా. మూడు రోజులైంది," అన్నాడు.

"ముందు ఇంజనులో నీళ్ళు పొయ్యి బావా," అంటూ తమ్ముడు విరేచనం సాఫీగా అయ్యే సిరప్ చేతిలో పెట్టాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆ సీసా అయిపోయింది. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత పొడి, మాత్రలు. నాలుగు నెలలు గడిచాయి. ఎన్నడూ లేనిది ఈ వయసులో కొత్తగా ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. ఖాకీ ప్యాంటు వదులైతే పొట్ట తగ్గిందని బావ మురిసిపోయాడు. ఒక్కసారి మాత్రం గొంతు తగ్గించి, "రక్తం పడుతోందిరా," అన్నాడు.

షాపు రద్దీగా ఉంది. చేతిలోని చీటీ మీంచి చూపు తిప్పకుండానే, "సీట్లో కూర్చుని కూర్చుని వచ్చిన మొలలేలే బావా," అన్నాడు తమ్ముడు.

ఓ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఆయన పొట్ట డప్పులా బిగుసుకుపోయిందిరా. రెండ్రోజుల్నుంచి గాలి కూడా పోవట్లేదట. వాంతులు ఆగట్లేదు."

తమ్ముడు షట్టరు కూడా దించకుండా పరుగెత్తాడు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. పెద్దపేగులో గడ్డ దారి మూసేసింది. కాన్సరు అప్పటికే కాలేయానికి పాకింది.

"మీరు మందులమ్మే మనిషి," అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "కొత్తగా మొదలైన మలబద్ధకం మూడు వారాలైనా తగ్గకపోతే చూపించాలి. రక్తం పడినా, ఊరికే బరువు తగ్గినా అన్నాళ్ళు కూడా ఆగకూడదు. ఇలా కడుపుబ్బి, గాలి ఆగి, వాంతులైతే ఆ క్షణమే రావాలి."

"ముందే తెచ్చుంటే బతికేవాడా?"

"చెప్పలేను. చెయ్యడానికి ఇంకొంచెం ఉండేది."

బావ ఏడు నెలలు బతికాడు. చివరి వారం తప్ప, నర్సుల్ని కూడా నవ్విస్తూనే ఉన్నాడు.

అంతా అయిపోయాక ఓ రోజు తమ్ముడు అక్క ముందు నేల మీద కూలబడ్డాడు.

"రక్తం సంగతి బావ నాకు చెప్పాడే అక్కా. నేనే కొట్టిపారేశాను."



"నాకూ చెప్పారురా," అంది అక్క. "డాక్టరు దగ్గరికి పోదామన్నాను. 'నీ తమ్ముణ్ణి అడిగాలే, మొలలట' అన్నారు. నువ్వే చెప్పాక ఇంకేముందని ఊరుకున్నా."

తమ్ముడు వెక్కివెక్కి ఏడ్చాడు. అక్క అతణ్ణి తిట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. పొద్దువాలేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.