తడపని గోడ

వేలి కణుపుతో తడితే గట్టి గోడ ‘టక్’ మంటుంది. డొల్ల గోడ ‘డొబ్’ మంటుంది.

నన్ను తడితే ఏ చప్పుడొస్తుంది?

ఏళ్ల తరబడి ఇదే నా అనుమానం. దేవుడి మీద కాదు... నా మీద.

ముప్పై ఏళ్లుగా వాక్యం వింటున్నాను. వినడంలో నాకు సాటి లేరు. పాట ఎత్తుకునేది నేను. ప్రార్థన ముగించేది నేను. నా బైబిల్లో గీత పడని పేజీ లేదు.

గీతలన్నీ కాగితం మీదే — నా మీద ఒక్కటీ లేదు.

నేను తాపీ మేస్త్రిని. నాకొకటి బాగా తెలుసు. ఎండకు కాగిన ఇటుక గోడకు ముందు నీళ్లు పట్టాలి. తడపకుండా సిమెంటు పూత వేస్తే పూతలోని నీళ్లన్నీ ఇటుకే తాగేస్తుంది. పైకి నున్నగా ఉంటుంది. లోపల పట్టు ఉండదు. ఒకరోజు ఊడి పడుతుంది.

తెలిసీ, ఒకసారి తడపలేదు.

పదకొండేళ్ల కిందట. ఒక బడి గోడ. శనివారం సాయంత్రం. నా కింద పనిచేసే బావమరిది నీళ్ల గొట్టం పట్టుకుని వచ్చాడు.

“వద్దురా, ప్రార్థనకు టైమవుతోంది. కానిచ్చేద్దాం” అన్నాను నేనే.

దేవుడి దగ్గరికి వేళకు వెళ్లాను. పాట కూడా బాగా పాడాను.

నెల తిరక్కుండా పూత ఊడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. “తడిపే పని ఎవడిది?” అని కాంట్రాక్టరు అరిచాడు. అందరూ నా బావమరిది వైపు చూశారు. వాడు నా వైపు చూశాడు.

నేను తాపీ కడుక్కుంటున్నాను... చాలా శ్రద్ధగా.

వాడి పని పోయింది. “ఒళ్లు వంచడం చేతకాదు వీడికి” అని సొంత అక్కే తిట్టింది — నా భార్యే. ఆ మాటతో వాడు మా గుమ్మం తొక్కడం మానేశాడు.

ఈ ఆదివారం విత్తనాల ఉపమానం. దారి పక్క నేల, రాతి నేల, ముళ్ల నేల, మంచి నేల.

“వాక్యం విని ఫలించే మంచి నేల ఎవరు? చేతులెత్తండి” అన్నారు పాస్టరుగారు.

అన్ని చేతులూ లేచాయి. నాది లేవలేదు.

“ఎత్తవయ్యా, ఎవరు లెక్కపెడతారు?” పక్కనున్న రిటైర్డు గుమాస్తా మోచేత్తో పొడిచాడు.

ఎత్తను.

ఆరాధన అయ్యాక గుమ్మంలో పాస్టరుగారు ఆపారు. “మేస్త్రిగారూ, చెయ్యి నొప్పా? వచ్చే వారం మిమ్మల్ని సంఘ పెద్దను చేద్దామనుకుంటుంటే...”

“చెయ్యి బాగానే ఉందండీ. నా పేరు కొట్టెయ్యండి.”

“మిమ్మల్ని మీరు తగ్గించుకోవడం మంచిదే, కానీ...”

“తగ్గింపు కాదండీ. నిజం.”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అంతమంది ముందు... తల దించుకోవాలని మాత్రం అనిపించలేదు.

నేను ఏ నేలో ఎవరైనా తేల్చుకోనీ. నేలకు కాళ్లుండవు. విత్తనం ఎప్పుడు పడుతుందా అని పడి ఉంటుంది.

నాకు కాళ్లున్నాయి.

నడిచాను.

“ఏమండీ, ఇల్లు ఇటు కదా! వాక్యం ఎక్కువై దారి తప్పారా?” వెనకాలే నా భార్య నవ్వింది.

“రా. నువ్వు కూడా వినాలి.”

వీధి చివర బావమరిది పంక్చర్ల కొట్టు. ట్యూబును గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. నున్నగా ఉంటే అతుకు అంటుకోదు మరి.

“ఏం బావా, బండే లేదు. గాలి ఎక్కడ కొట్టమంటావు?”

వాడి ఎదురుగా నిలబడ్డాను.

“బడి గోడకి నువ్వు గొట్టం తెచ్చావు. తడపొద్దన్నది నేను. అడిగినప్పుడు నోరు మూసుకున్నదీ నేనే.”

పంక్చరు వేయించుకోడానికి సైకిలు పట్టుకుని నిలబడ్డ మనిషి కూడా విన్నాడు.

విననీ.

నా భార్య నవ్వు ఆగిపోయింది. నన్ను చూసింది. తమ్ముణ్ణి చూసింది. ఆ తర్వాత నన్ను చూడలేదు.

“నాకెందుకు చెప్తున్నావు బావా?” అన్నాడు వాడు. “నాకు తెలుసుగా.”

అవును... వాడికి ఎప్పుడూ తెలుసు.

“మీ అక్కకి తెలీదు” అన్నాను.

వాడు లేచాడు. తను కూర్చున్న స్టూలును గుడ్డతో తుడిచాడు. ఒకసారి తుడిచిందే మళ్లీ తుడిచాడు. అక్క ముందుకు జరిపాడు.

“కూర్చో అక్కా.”

ఉన్నది ఒక్క స్టూలే.

నన్ను కూర్చోమనలేదు. నేను వెళ్లిపోలేదు. ఎండలో నిలబడ్డాను.

వాడు నేల మీద కూర్చుని ట్యూబు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. గర్... గర్... గరుకు కాగితం... తీరిగ్గా, గట్టిగా, అతుకు పట్టేలా —